కింది గొంతు

వరంగల్ చౌరస్తా నుంచి బట్టల బజారుకు పోయే దారిలో వెంకట్రాజం ఇత్తడి సామాన్ల దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు. బిందెలు, గంగాళాలు, తాంబాళాలు పేర్చిన ఆ దుకాణంలో గల్లా పెట్టె పక్కన ఒక పాత మర్ఫీ రేడియో ఎప్పుడూ మోగుతూ ఉండేది. పగలంతా అది వెంకట్రాజానిది. వార్తలు, వ్యవసాయదారుల కార్యక్రమం, సినిమా పాటలు, ఏది వస్తే అదే. పొద్దుగూకి దుకాణం కట్టేశాక దాన్ని ఎత్తుకొచ్చి వంటింటి గడప పక్కన పెట్టేవాడు. అక్కడి నుంచి అది అతని భార్య రాజక్కది.

రాజక్క చదువు నాలుగో తరగతితో ఆగింది. పాట నేర్చుకున్నది లేదు, నలుగురిలో పాడింది అసలే లేదు. ఆమెకు వచ్చిందల్లా వినడం. కానీ ఆ వినడం మామూలుగా ఉండేది కాదు. వీధిలోకి భజన వచ్చినా, పెళ్లి బ్యాండు వచ్చినా, ఎవరో బిచ్చగాడు తంబుర మీటుకుంటూ వచ్చినా ఆమె చేతిలో పని ఆగిపోయేది. ఒగ్గు కథ చెప్పేవాళ్లయితే జనంలో ఆమె ఎక్కడ కూర్చుందో వెతుక్కుని అటువైపు తిరిగి చెప్పేవాళ్లు. ఎక్కడ "ఆహా" అనాలో సరిగ్గా అక్కడ ఆమె నోటి నుంచి "ఆహా" వచ్చేది. "రాజక్క ముంగట కూసుంటె కథ దానంతటదే నడుస్తది" అని వాళ్లు బహిరంగంగానే అనేవాళ్లు.

ఒక వానాకాలం సాయంత్రం ఆమె సిలోన్ స్టేషన్ కోసం రేడియో ముల్లు తిప్పుతూ ఉంటే, గరగర చప్పుడు నడుమ ఇద్దరు ఆడవాళ్ల గొంతులు వినిపించాయి. వాయిద్యం ఏదీ లేదు. ఒక గొంతు పాట పాడుతోంది. రెండోది దాని కింద శ్రుతిపెట్టెలా ఒకే సుతి పట్టుకుని కదలకుండా నిలబడి ఉంది. రెండు గొంతులూ ఒకదానికొకటి ఎంత దగ్గరగా వచ్చాయంటే, నడుమ సన్నని అదురు పుడుతోంది. గుడి గంట కొట్టాక చాలాసేపు మిగిలే మోత లాంటి అదురు. చరణం ముగిసేసరికి ఇద్దరూ కలిసి కొండ మీది నుంచి పిలిచినట్టు "ఈహూ!" అని పైకి విసిరారు.

రాజక్క చేతిలో బెండకాయ, కత్తి అలాగే ఉండిపోయాయి.

"శారదా! ఓ శారదా! జర్ర ఇటు రా, గిదేం భాషనే?"

శారద ఆమె తోడికోడలు, మరిది భార్య. బి.ఏ. చదివింది. పాట తర్వాత ఇంగ్లీషులో మాట్లాడుతున్న మనిషి మాటలను రేడియోకు చెవి ఆనించి విన్నది.

"బల్గేరియా దేశమంట అక్కా. ఐరోపల ఉంటది. కోతలకు పోయినప్పుడు ఆడోల్లు పాడుకునే పాటంట. పాడిందేమో రాద అనే ఆమెనంట, ఆమె చెల్లెలు దోన్కా అంట."

"రాధనా? గంత దూరంల సుత రాధ ఉన్నదా?"

"రాధ కాదు, రాద."

"ఏదైతేంది. మల్ల ఎప్పుడొస్తదట?"

వారానికి ఒకసారి వస్తుందని తెలిసింది. అప్పటి నుంచి ఏళ్ల తరబడి, ప్రతి వారం ఆ రోజు ఆ వేళకు రాజక్క రేడియో దగ్గర నుంచి కదిలేది కాదు. రాద పాట ప్రతిసారీ వచ్చేది కాదు. వచ్చిన రోజున ఆమె ముఖం చూసి ఇంట్లో అందరికీ తెలిసిపోయేది. కూరగాయలు తరుగుతూ, పప్పు ఏరుతూ ఆమె కూడా సన్నగా గొంతు కలిపేది. అందరూ పట్టుకునే పై పాటను కాదు. చెల్లెలు దోన్కా నిలబెట్టే ఆ కింది సుతిని.

ఆ రేడియో వాళ్లు ఒక చలికాలం శ్రోతలను ఒక ప్రశ్న అడిగారు. మా పాటల్లో మీ మనసులో నిలిచింది ఏది, ఎందుకు? శారద నవ్వుతూ కాగితం తీసుకుని కూర్చుంది.

"నువ్వు చెప్పక్కా. నేను ఇంగ్లీషుల రాస్త."

రాజక్క చేతిలోని పప్పు చేట పక్కన పెట్టింది.

"మా దగ్గర నాట్లేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటది, మిగిలినోల్లు అందుకుంటరు. అందరం కలిసి నడుస్తం. మీ రాద పాటల గట్ల కాదు. ఒకామె నడుస్తాంటె ఇంకొకామె నిలవడ్డది. ఆ నిలవడ్డామె కదుల్తలేదు కాబట్టే నడిచేటామె ఎంత దూరం పోయిందో మనకు ఎర్కయితాంది. నాకు ఆ నిలవడ్డామె అంటె పానం. ఇంతే, రాయి."

శారద రాసింది, పోస్టు చేసింది, ఇద్దరూ మరచిపోయారు. ఎండాకాలం మొదట్లో జవాబు వచ్చింది. ఆ ఏడాది, అంటే 1981లో, ఆగస్టు నెలలో వాళ్ల కొండల మీద పెద్ద పాటల పండుగ జరుగుతుందనీ, దానికి కొన్ని దేశాల నుంచి ఒక్కొక్క శ్రోతను పిలుస్తున్నామనీ, భారతదేశం నుంచి శ్రీమతి రాజక్క రావాలనీ, రానుపోను ఏర్పాట్లన్నీ తమవేననీ అందులో ఉంది.

శారద ఆ జాబును రెండుసార్లు చదివి వినిపించింది. ముందుగా తేరుకున్నది వెంకట్రాజం.

"ఒక్కదాన్ని పిలిచిన్రా?"

"ఒక్కలనే, బావా."

"మనం తిర్పతి దాటి పోయినోల్లం కాదు. ఆ ఊరేందో, ఆ భాషేందో. ఇగ బజార్ల ఏమంటరు? ఆడిమనిషిని ఒక్కదాన్ని విమానం ఎక్కిచ్చి పంపిండని నన్నే అంటరు. జర సోంచాయించుండ్రి." ఆయన గొంతులో కోపం లేదు, గాబరా ఉంది.

పోతానని అనడానికి రాజక్కకు నోరు రాలేదు, పోనని అనడానికి మనసు రాలేదు. లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

వెంకట్రాజం తల్లి మొగిలమ్మ అప్పటికి డెబ్బై దాటిన మనిషి. గోడకు ఆనుకుని వక్కలు కత్తిరించుకుంటూ అంతా వింటోంది.

"ఏమ్రా, ఆమె పేరు మీదనే వచ్చిందా పిలుపు?"

"ఆమె పేరు మీదనే, అవ్వా."

"నా పేరు మీద ఎన్నడన్న ఏ ఊరి నుంచన్న పిలుపొచ్చిందా?"

"నీకేడికెల్లి వస్తదే?"

"రాలే. మా అత్తకు రాలే, మా అవ్వకు రాలే. ఈమెకు వచ్చింది. ఇండ్ల కూసుండి బెండకాయలు కోసుకుంట విన్న మనిషిని ఏడు సముద్రాల అవతలోల్లు రమ్మంటాన్రు. పంపకపోతె ఆల్లకేమని చెప్తవురా? మా బజార్ల ఏమన్న అంటరని చెప్తవా?" అడకత్తెర పక్కన పెట్టి వంటింటి వైపు చూసి గట్టిగా పిలిచింది. "రాజీ! పొయ్యి మీదిది శారద చూస్తది, నువ్విటు రా. పోతవా పోవా, నీ నోటితోని చెప్పు."

రాజక్క చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"పోత, అత్తా."

"ఇగ అయిపోయింది. ఎవలకన్న ఫికర్ ఉంటె నా దగ్గరికి రమ్మనుండ్రి."

పాస్‌పోర్టు కోసం హైదరాబాదు తిరగడం, విచారణకు పోలీసాయన దుకాణానికి వస్తే వెంకట్రాజం మీద కేసయిందని బజారంతా గుప్పుమనడం, ఆ మాట విని బంధువులు పరామర్శకు రావడం, అవన్నీ జరిగాయి. వచ్చినవాళ్లందరికీ మొగిలమ్మే జవాబు చెప్పి, చాయ పోయించి పంపింది. రాజక్క పెట్టెలో నేత చీరలు, ఉన్ని శాలువ, ఒక డబ్బా నిండా సకినాలు, ఇంకో డబ్బాలో చింతకాయ తొక్కు సర్దారు.

ఢిల్లీ దాకా రైల్లో వెంకట్రాజం తోడు వెళ్లాడు. విమానాశ్రయంలో ఇక లోపలికి ఆమె ఒక్కతే పోవాల్సిన చోట ఆగి, "ఆల్లు ఏం పెట్టినా తిను. నచ్చలేదని ఉపాసముండకు" అన్నాడు. ఆమె భుజం మీది శాలువ సరిచేసి, తొందరగా వెనక్కి తిరిగాడు.

విమానం పైకి లేస్తున్నప్పుడు రాజక్క కళ్లు గట్టిగా మూసుకుంది. కానీ చెవులు మూసుకోలేదు. నేల వదిలిన క్షణంలో చక్రాల దడదడ ఆగిపోయి ఒక నిండు హోరు మిగిలింది. ఆ హోరు ఆమెకు నచ్చింది. అది సుతి లాగా ఉంది. దాన్ని పట్టుకుని కూర్చుంటే భయం తగ్గింది. మాస్కోలో విమానం మారాల్సి వచ్చినప్పుడు శారద రాసిచ్చిన చీటీని యూనిఫారం వేసుకున్న ఒక పెద్దావిడకు చూపించింది. ఆవిడ ఆమె చేయి పట్టుకుని నడిపించుకుపోయి సీటులో కూర్చోబెట్టి మరీ వచ్చింది. ఆ మేలు రాజక్క జీవితాంతం చెప్పుకున్నది.

సోఫియాలో ఎదురు వచ్చిన అమ్మాయి పేరు ఎలెనా. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడు కొన్నేళ్లు ఢిల్లీలో పెరిగింది. హిందీ పుస్తకంలో ఉన్నట్టుగా మాట్లాడేది. రాజక్కకు వచ్చింది దుకాణానికి వచ్చే బేరగాళ్ల దగ్గర నేర్చిన దక్కనీ. మొదటి పూట అన్నం దగ్గర వద్దనడానికి "నక్కో, నక్కో" అంటే ఎలెనాకు అర్థం కాలేదు. వడ్డించే మనిషికి తల అడ్డంగా ఊపి వద్దని చెబితే, ఆయన సంతోషంగా ఇంకో గరిటె సూపు పోశాడు. మళ్లీ ఊపితే మళ్లీ పోశాడు. ఎలెనా పొట్ట పట్టుకుని నవ్వింది.

"అమ్మా, మా దేశంలో తల అడ్డంగా ఊపితే అవునని అర్థం. కిందికి ఊపితేనే కాదని."

"ముందుగాల చెప్పద్దా బిడ్డా! చెరువంత తాగిన."

పండుగ జరిగేది రాజధానికి దూరంగా, కొండల నడుమ ఒక చిన్న ఊరి పైన ఉన్న పచ్చిక బయళ్లలో. పొద్దున్నే ఆ కొండ ఎక్కుతుంటే రాజక్క అడుగడుగునా ఆగిపోయింది. ఆమె ఊహించుకున్నది పెద్ద హాలు, కుర్చీలు, తెరలు. ఇక్కడ కొండ మొత్తం మనుషులే. దుప్పట్లు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలు దిగి ఉన్నాయి. పిల్లలు నిద్రపోతున్నారు, ముసలివాళ్లు రొట్టెలు తుంచుకుంటున్నారు, చెట్ల కింద పొయ్యిలు మండుతున్నాయి. ఒక్కో వాలు మీద ఒక్కో కర్రల వేదిక. ఒకచోట మేకతోలు తిత్తి ఊదుతుంటే నలభై యాభై మంది చేతులు పట్టుకుని గుండ్రంగా తిరుగుతున్నారు. ఇంకోచోట ఒక తాత పిల్లనగ్రోవి ఊదుతున్నాడు, ఇద్దరే వింటున్నారు, అయినా ఆయన లోకాన్ని మరచి ఊదుతున్నాడు.

"గిది మా మేడారం జాతర తీరుగనే ఉన్నదే" అంది రాజక్క. "దేవతలే కనవడ్తలేరు."

"ఉన్నారమ్మా. పాడుతున్నారు కదా" అంది ఎలెనా.

ఆ మాటకు రాజక్క ఆ పిల్ల బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది.

అతిథులకు పెద్ద వేదిక ముందు కుర్చీలు వేశారు. రాజక్క చీరను, కుంకుమ బొట్టును చూసి జనం ఫోటోలు తీసుకున్నారు. ఒక పత్రికాయన వచ్చి, మీరు మీ దేశంలో గాయనా, నర్తకా అని అడిగాడు. రేడియో వింటానని ఎలెనా చేత చెప్పించింది. అది కాదు, మీ కళ ఏమిటని అడుగుతున్నానన్నాడు. "గదే గదా చెప్తాన!" అంది రాజక్క.

కాసేపటికి ఆమె ఎలెనా చెవిలో అడిగింది. "రాద ఎప్పుడు పాడ్తది?"

ఎలెనా పోయి కనుక్కుని వచ్చింది. ఆమె ముఖం చిన్నబోయి ఉంది.

"ఆమె పేరు లేదమ్మా. రెండేళ్ల కింద చలికాలంలో చెల్లెలు దోన్కా చనిపోయిందట. అప్పటి నుంచి రాద పాడటం మానేసింది. పండుగకు వచ్చిందట, కానీ ఉన్ని మేజోళ్లు అమ్ముకోవడానికి. అదిగో, ఆ దేవదారు చెట్ల దగ్గర ఉంటుందని చెప్పారు."

తను చూడని, మాట్లాడని, ముఖం కూడా తెలియని మనిషి పోయిందంటే సొంత మనిషి పోయినట్టు రాజక్క కళ్లలో నీళ్లు వచ్చాయి. ఇన్నేళ్లూ వంటింట్లో తను గొంతు కలిపింది దోన్కాతో. రెండేళ్లుగా రేడియోలో వస్తున్నది లేని మనిషి గొంతు.

"పోదాం పా" అంది చివరికి. "పాడుమని మాత్రం అడుగద్దు. చెల్లె సచ్చినామెను పాడుమనద్దు. ఊకె జర్రసేపు ఆమె కాడ కూసుండి వద్దాం."

రాద దేవదారు చెట్టు కింద దుప్పటి పరుచుకుని కూర్చుంది. నల్ల గుడ్డ తలకు కట్టుకున్న పెద్ద ముసలమ్మ, ఎండకు కమిలిన ముఖం, వెడల్పాటి చేతులు. ముందు మేజోళ్ల కుప్ప. పక్కనే ఇంకో దుప్పటి మీద ఆమె కోడలు స్తాంకా జున్ను ముద్దలు అమ్ముతోంది. ఈమె భారతదేశం నుంచి వచ్చిందనీ, నీ పాట రేడియోలో వింటుందనీ, కాసేపు నీ దగ్గర కూర్చోవచ్చా అని అడుగుతోందనీ ఎలెనా చెప్పింది. రాద తల అడ్డంగా ఊపింది. రాజక్క వెనక్కి తిరిగి నడవబోయింది.

"అమ్మా! రమ్మంటోంది!"

రాజక్క నాలుక కరుచుకుని వచ్చి దుప్పటి అంచున కూర్చుంది. ఏం చేయాలో తోచక సకినాల డబ్బా విప్పింది. రాద ఒకటి కొరికి, అది పలికిన కరకరకు ఉలిక్కిపడి, తర్వాత ఇంకోటి తీసుకుంది. ఎలెనా కాఫీ తెస్తానని దిగువకు పోయింది. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ఆడవాళ్లు మిగిలారు.

రాద వలయంలా చుట్టిన ఉన్ని నూలు చిలప తీసి, దాన్ని ఉండగా చుట్టుకోవడానికి తన మోకాళ్లకు తగిలించుకోబోయింది. రాజక్క పుట్టిల్లు కొత్తవాడలో మగ్గాల ఇల్లు. నూలు చూస్తే ఆమె చేతులు ఊరుకోవు. రెండు చేతులూ చాచింది. రాద ఆ చేతులను చూసింది, నవ్వింది, చిలపను వాటికి తగిలించింది. రాజక్క చేతులు ఇటూ అటూ వంచుతూ నూలు వదులుతుంటే రాద ఉండ చుట్టసాగింది. పని సాఫీగా నడిచింది.

చేతులకు పని దొరికితే రాజక్క గొంతుకు అలవాటైన పని ఒకటి ఉంది. తనకు తెలియకుండానే మొదలైంది. మూసిన పెదవుల వెనక, సన్నగా, కదలని ఒక సుతి.

ఉండ చుట్టే చేతులు ఆగిపోయాయి.

రాజక్క తలెత్తి చూసి భయపడి ఆపేసింది. తప్పు చేశాననుకుంది. రాద ముఖం కఠినంగా, దేన్నో వెతుకుతున్నట్టు ఉంది. కొంతసేపటికి అరచేయి నేల వైపు చూపి మెల్లగా కిందికి నొక్కింది. ఇంకా కిందికి. రాజక్క మళ్లీ మొదలుపెట్టి సుతిని కొంచెం దింపింది. రాద చేయి ఇంకా నొక్కుతోంది. ఇంకొంచెం దింపింది. చేయి ఆగింది. ఇప్పుడు పెదవులు తెరవమన్నట్టు తన నోటి వైపు చూపింది. రాజక్క నోరు తెరిచి ఆ సుతిని బయటికి వదిలింది.

రాద కళ్లు మూసుకుని పాట ఎత్తుకుంది.

రేడియోలో విన్నది ఆ గొంతులో సగం కూడా కాదని రాజక్కకు అప్పుడు తెలిసింది. ఆ గరగర, ఆ దూరం ఏవీ లేవు. మూరెడు దూరంలో, ఒక ముసలి దేహంలో నుంచి, కొండరాయి పగులగొట్టుకుని వచ్చే నీళ్లలాగా వచ్చింది ఆ పాట. వచ్చి తన గొంతును రాసుకుంది. ఆ అదురు ఇప్పుడు చెవిలో కాదు, తన పళ్లలో, రొమ్ము ఎముకలో పుట్టింది. సుతి వదిలిపెడితే పాట పడిపోతుందన్నట్టు రాజక్క ప్రాణం ఉగ్గబట్టి పట్టుకుంది. ఊపిరి అందనప్పుడు మాత్రం ఒక్క క్షణం తీసుకుని మళ్లీ అదే చోట నిలబడింది. చరణం చివర రాద "ఈహూ!" అని ఆకాశంలోకి విసిరినప్పుడు రాజక్క చేతులకు ఉన్న చిలప అదిరింది.

చుట్టూ జనం చేరారు. కాఫీ గ్లాసులతో ఎలెనా నిలబడిపోయింది. పాట ఆగాక రాద కొంగు లాంటి తలగుడ్డ అంచుతో ముఖం తుడుచుకుని ఏదో అంది.

"దోన్కా కూడా మొదట్లో కొంచెం పైకి పట్టేదట" అంది ఎలెనా. "ఆమెకు కూడా ఇలాగే చేయి చూపి దింపేదట."

ఆ గుంపులో పండుగ నడిపే మనిషి ఒకాయన ఉన్నాడు. మధ్యాహ్నం వాళ్ల జిల్లాకు ఇచ్చిన వేదిక మీద పాడమని రాదను బతిమాలాడు. రాద రాజక్క చేయి పట్టుకుని ఆయన వైపు చూసింది. ఈమె వస్తే పాడతానన్న అర్థం అందరికీ తెలిసింది. చుట్టూ చప్పట్లు మోగాయి. ఫోటో తీసేవాళ్లు ముందుకు వచ్చారు. ఇత్తడి దుకాణపు రాజక్క పరాయి దేశంలో వేదిక మీద పాడబోతోంది.

రాజక్క ఎలెనా వైపు తిరిగింది.

"ఆమెకు మంచిగ చెప్పు బిడ్డా. నన్ను అడిగినందుకు నా జన్మ ధన్యమైంది. కాని నాకు వచ్చింది ఆ ఒక్క పాట, గది సుత తప్పుతాంది. ఆమెకు తోడు నేను కాదు. పాట పాడుతున్నంత సేపు ఆమె కోడలు పెదవులు కదిలినయి. నేను చూసిన. ఊపిరి తీసుకునే కాడ ఊపిరి తీసుకున్నది. నేను తప్పిన కాడ తప్పలే. ఆ పిల్లకు అన్ని పాటలొస్తయి, అడిగి చూడుమను."

ఎలెనా చెప్పింది. రాద ఆశ్చర్యంగా కోడలి వైపు తిరిగింది. స్తాంకా జున్ను కత్తి పట్టుకుని ఎర్రబడిపోయింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచి అత్త, పినత్త పాడుతుంటే వింటూనే ఉన్నాననీ, వాళ్లిద్దరి నడుమకు రావడానికి ఏనాడూ ధైర్యం చేయలేదనీ, పినత్త పోయాక ఆమె చోట నిలబడతానని అడిగితే అత్త మనసు నొచ్చుకుంటుందని ఊరుకున్నాననీ నెమ్మదిగా చెప్పింది. రాద దుప్పటి మీద తన పక్కన అరచేత్తో తట్టింది.

మధ్యాహ్నం సన్నగా తుంపర మొదలైంది. చిన్న కర్రల వేదిక మీద అత్త, కోడలు భుజం భుజం ఆనించుకుని నిలబడ్డారు. రేడియో వాళ్లు మైకు నిలబెట్టారు. రాజక్క కుర్చీ వద్దని గడ్డిలో ముందు వరుసన కూర్చుని శాలువ తల మీదికి లాక్కుంది.

స్తాంకా సుతి పట్టింది. కొంచెం వణికింది, తర్వాత నిలిచింది. రాద పాట ఎత్తింది. ఆ జనం వాన తుంపర వినిపించేంత నిశ్శబ్దంగా విన్నారు. అక్కడ అది మర్యాద. రాజక్కకు ఆ మర్యాద తెలియదు. రెండో చరణంలో, రాద గొంతు కింది సుతికి వెంట్రుక వాసి దూరంలోకి వచ్చి అక్కడే ఆగి, దిగనా వద్దా అన్నట్టు ఊగుతున్నప్పుడు ఆమె నోటి నుంచి దానంతటదే వచ్చింది.

"ఆహా!"

తలలు ఇటు తిరిగాయి. మైకు దగ్గరి మనిషి ఉలిక్కిపడి చేయి ఎత్తాడు. కానీ వేదిక మీద రాద కళ్లు తెరిచింది. ఆ చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో చూసింది. ఆ చోటు దొరికాక ఇక చూపు తిప్పలేదు. దిగాల్సిన గొంతు దిగకుండా మళ్లీ ఒక్కసారి పైకి లేచి, అదే అంచు మీద ఇంకా ఎక్కువసేపు నిలబడింది. "ఆహా! ఆహా!" అంది రాజక్క రెండు చేతులూ జోడించి. పాట అయ్యాక ఆ కొండవాలు మీద లేచిన చప్పట్లు చాలాసేపటి వరకు ఆగలేదు. రాద తర్వాత ఎలెనాతో చెప్పిన మాట ఇది: నా జీవితంలో చాలామంది మౌనంగా విన్నారు, నాతో పాటు నడుస్తూ వినడం ఈమె దగ్గరే చూశాను.

విడిపోయేటప్పుడు రాద ఆమె కాళ్లకు తనే మేజోళ్లు తొడిగింది. రాజక్క వంగి ఆమె పాదాలు తాకితే, కంగారుపడి లేపి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టింది.

వరంగల్ స్టేషన్లో దిగేసరికి సగం బజారు వచ్చి ఉంది. విమానంలో ఏం పెట్టారు, మంచు పడిందా, అక్కడి మేడలు ఎంత ఎత్తున్నాయి అని అందరూ అడిగారు. రాజక్క ఆ ప్రశ్నలకు ఓపిగ్గా జవాబులు చెప్పింది. మొగిలమ్మ మాత్రం అందరూ పోయాక పక్కన కూర్చోబెట్టుకుని, "ఆ కోడలు పిల్లకు సుతి కుదిరిందా?" అని అడిగింది. కుదిరిందంటే తృప్తిగా తల ఊపింది.

డిసెంబరులో ఒక సాయంత్రం ఆ రేడియో వాళ్లు పండుగ పాటలు వేశారు. ఇంటిల్లిపాదీ వంటింటి గడప దగ్గర చేరారు. గరగర నడుమ ముందు వాన తుంపర, తర్వాత స్తాంకా సుతి, తర్వాత రాద. పాట నడుస్తూ నడుస్తూ ఉండగా, స్పష్టంగా, ఇంటి మనిషి పిలిచినంత దగ్గరగా వినిపించింది.

"ఆహా!"

శారద ఎగిరి గంతేసింది. మొగిలమ్మ రేడియో వెనకకు తొంగి చూసింది. రాజక్క సిగ్గుతో ముఖానికి చెంగు అడ్డం పెట్టుకుంది.

వెంకట్రాజం పాట ఆఖరిదాకా విని లేచి, మూసిన దుకాణం ముందు మెట్ల మీదికి వచ్చాడు. పక్క బట్టల దుకాణం లక్ష్మీనారాయణ తాళాలు వేసుకుంటున్నాడు.

"లక్ష్మీనారాయణా, మా ఆమె గొంతు రేడియోల వచ్చిందే."

"అరే! పాడిందా?"

"లే. విన్నది."

లక్ష్మీనారాయణకు అర్థం కాలేదు. వెంకట్రాజం మెట్ల మీద కూర్చుని, పక్కన చోటు చూపించి, మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.